నర్మదక్క వద్దన్న మందు

"ఆ మందు మాత్రం నా ఒంట్లకు పోనియ్య... నన్ను బలవంతం చెయ్యకుండ్రి!"

చిక్కడపల్లి ఇంట్లో కిషన్ రావు తెగేసి చెప్పాడు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తెలియగానే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. గాయం మానింది, మెట్లు కూడా ఎక్కుతున్నాడు. ఇప్పుడు డాక్టరమ్మ కీమో అంటోంది. విద్యావతి భర్త కళ్లలోకి చూసింది. అక్కడున్నది మొండితనం కాదు, భయం! కొన్నేళ్ల కిందట ఆయన అన్న ఉదయ్ కుమార్ ఇదే జబ్బుతో, ఇదే వైద్యం జరుగుతుండగానే కన్నుమూశాడు.

ఆ అన్న భార్య నర్మద గాంధీనగర్ నుంచి వచ్చి కూర్చుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "వద్దు విద్యా! గడ్డ తీసేసిన్రు కద, మల్ల గా విషమెందుకు? మీ బావగారు ఎంత గోస పడ్డడో నేను చూసిన... నా మరిదినన్న జర సుఖంగ ఉండనియ్యి!" అంది.

ఇన్నేళ్ల కాపురంలో విద్యావతి ఈ తోడికోడలి మాటకు ఎదురు చెప్పింది లేదు. కొత్తకోడలిగా వచ్చిననాడు వంట నేర్పింది, పురిటిలో దగ్గరుండి చూసుకుంది ఆమే! అయినా ఈసారి తల దించుకోలేదు.

"అక్కా, బావగారికి తెలిసేసరికే జబ్బు ఒళ్లంత పాకింది. ఈయనకు మొదట్లనే దొరికింది. కంటికి కనబడనిది ఏమన్న మిగిలుంటే, అది మల్ల లేవకుండ ఈ మందు. పూర్తి భరోసా ఇయ్యలేనని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. అయినా ఉన్న ఆసరాను భయంతోని వదులుకుంటమా?" భర్త వైపు తిరిగింది. "మీరు సరే అంటేనే పోదాం. కానీ మీ అన్నను తల్చుకోని కాదు... మీ గురించి ఆలోచించి చెప్పుండ్రి!"

నర్మద చివాలున లేచింది. "రేపేమన్న అయితే ఆ పాపం నీదే విద్యా!" అని వెళ్లిపోయింది.

కిషన్ రావు భార్య చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు నా పక్కనే ఉంటవా?"

"నేనుండక ఇంకెవరుంటరండీ!"

మొదటిసారి కీమో బాగానే గడిచింది. రెండోసారి మాత్రం మనిషి కుదేలైపోయాడు. గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవలేదు. వాంతులు ఎత్తిపోసి ఎత్తిపోసి విద్యావతి గడపలోనే కూలబడింది. అక్క అన్నదే నిజమా...? నా చేతులారా నేనే ఈయన్ని...!

తలుపు చప్పుడైంది. జావ గిన్నెతో నర్మద! విద్యావతి చేతిలోని బేసిన్ అందుకుంది.

"డాక్టరమ్మకు ఫోన్ చేసినవా? వాంతులకు మంచి గోలీలుంటయి, అడుగు. అడిగినంక నువ్వు పోయి పండుకో, నేను చూస్కుంట." తర్వాత మంచం దగ్గరికి వెళ్లింది. "లే మరిదీ... రెండు గుక్కలు తాగు. మల్ల డోకొస్తే రానీ, నేనున్న!"

డాక్టరమ్మ మందు మార్చింది, వాంతులు తగ్గాయి. మిగిలిన రెండుసార్లూ నర్మదే ముందుగా తయారై ఆస్పత్రికి బయల్దేరేది!

అంతా అయ్యాక తీసిన స్కాన్‌లో జబ్బు జాడ లేదు. ఇకపైన అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటే చాలన్నారు. తిరుగు ప్రయాణంలో ఆటోలో నర్మద విద్యావతి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిన్ను అనరాని మాటన్న విద్యా... మీ బావగారికి బతికే దారి లేకుండె. నా మరిదికి ఉన్న దారిని నేను మూస్తుంటే నువ్వు మూయనియ్యలే. నువ్వే గెలిచినవ్!"

"గట్లనకు అక్కా! ఆ పొద్దు నువ్వు రాకపోతే నేనే ఆపేద్దునేమో..." విద్యావతి ఆమె భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది.

కిషన్ రావు ముందుకు వంగి ఆటో అతన్ని పిలిచాడు. "అన్నా, నారాయణగూడల జర ఆపు! వీళ్ల ఏడుపు అయ్యేసరికి నేను నాలుగు ఇడ్లీలు తినొస్త!"

కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి తోడికోడళ్లిద్దరూ పకపకా నవ్వేశారు.