ఊనా కాపలా

మా ఊరి పాత చర్చికి కప్పు ఎప్పుడో కూలిపోయింది. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు మాత్రం ఏ గాలివానకీ కదల్లేదు. గుమ్మం కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ ఇరుకు. ఆ కాలం సన్యాసులు అలాగే కట్టేవారు. ఒకప్పుడు ఆ పనితనం చూసి మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు దాని మీద ఉమ్మేయాలనిపిస్తుంది.

మాకో నమ్మకం ఉంది. అక్కడ చివరగా పాతిపెట్టినవాళ్లు, తర్వాతి శవం వచ్చేదాకా సమాధుల తోటకి కాపలా కాయాలి. అందుకే ఒకేరోజు రెండు శవాలొస్తే చర్చి గుమ్మం ఎవరు ముందు దాటాలా అని పరుగులే.

మా ఊనాకి ఆరేళ్లు. జ్వరంతో పోయింది. అదే రోజు ముసలి టైగ్ శవమూ వచ్చింది. చిన్న పెట్టె కదా, నేనొక్కణ్ణే భుజాన పెట్టుకుని అందరికంటే ముందు గుమ్మం చేరాను. గుమ్మం పైన ఇరుకులో పెట్టె రాయికి కొట్టుకుని ఆగిపోయింది. కిందికి దించుకునేలోగా టైగ్ కొడుకులు తమ పెట్టెను నడుం ఎత్తున పట్టుకుని, నన్ను తోసుకుంటూ దూరిపోయారు.

"చిన్నపిల్లరా! చీకటంటే భయంరా దానికి!" అని అరిచాను.

"మా నాన్న బతికినన్నాళ్లూ గొర్రెల్ని కాశాడు. చచ్చాక కూడానా?" అన్నాడు పెద్దకొడుకు కోలుమ్.

రేపో మాపో ఇంకెవరో పోతారులే అనుకున్నాను. పాపమే, కానీ అనుకున్నాను. ఆ వారమే జిల్లా అధికారులు తోట నిండిందని గేటుకి తాళం వేశారు. ఇకమీదట శవాలన్నీ కొత్త స్థలానికే.

రోజూ పొద్దువాలేవేళ గోడ దూకి వెళ్లేవాణ్ణి. తడి నాచు వాసన. కాకులు సద్దుమణిగాక చర్చిలో చిన్న అడుగులు... గోడ వెంబడే తిరుగుతూ... తూర్పున ఉన్న సన్నటి కిటికీ దగ్గర ఆగేవి.

"నాన్నా... ఎవరైనా వస్తున్నారా?"

"లేదమ్మా."

"మరి నేనెప్పుడు పడుకునేది?"

ఒకరోజు ఉండబట్టలేక నా భార్య బ్రీజ్‌కి అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది.

మర్నాడు ఊనా సమాధి పక్కన కొత్త గొయ్యి కనిపించింది. పార వేటు ఎక్కడా లేదు. అంచుల నిండా చిన్న వేళ్ల గీతలు...

నాకోసమే అనుకున్నాను. ప్రాణం తేలికపడింది. దిగి పడుకున్నాను. కాళ్లు చాపుకోవడానికి చోటు చాల్లేదు.

పైన బ్రీజ్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"లేచి రా," అంది మెల్లగా. "అది నీ కొలత కాదు, నాది."

ఆమె ఎడమచెయ్యి, ఎవరివో చిన్న వేళ్లు పట్టుకున్నట్టు ముడుచుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతోంది.