పన్నెండైనా పోని లవంగం వాసన

“సమాధానం, నువ్వు ఐసు మొయ్యి. ఆపరేషన్ సంగతి రాజ్ కుమార్ చూసుకుంటాడు.”

చీఫ్ ఆనందబాబు ఆ మాట అనగానే ఏజెంట్ సమాధానం పళ్ళు పటపటలాడాయి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒంటి మీద మూడు కత్తిపోట్లు. ఏడో క్లాసులో బడి మానేసిన పాపానికి ఇప్పటికీ ఐసే.

జువ్వలదిన్నె హార్బర్. ఐసు ఫ్యాక్టరీ మేడ మీద గది. ఉదయం ఏడు గంటలు.

“నిన్న సాయంత్రం నెల్లూరు ల్యాబ్‌లో డాక్టర్ జయశీల గారి ప్యాకింగ్ ఫిల్మ్ రోల్ మాయమైంది. కోడ్‌నేమ్ లవంగం. కొట్టేసింది బ్లూ టైడ్, విదేశీ ముఠా. రోల్ దేశం దాటిందా, ఆమె ఏడేళ్ల కష్టం వాళ్ళ పేరున పేటెంట్ అయిపోతుంది. రాజ్, సబ్జెక్ట్ చెప్పు.”

ముప్పై నిండని రాజ్ కుమార్, పేరు ముందు డాక్టరేట్ ఉన్నవాడు, లేచాడు. “క్లే నానోట్యూబ్స్. మట్టిలో దొరికే గొట్టాలు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు. వాటిలో లవంగనూనె ఎక్కించి ప్యాకింగ్ ఫిల్మ్‌లో కలుపుతారు. నూనె ఒక్కసారిగా ఆవిరైపోదు. స్లో రిలీజ్. లోపలి రొయ్య రోజుల తరబడి చెడదు.”

“కొత్త కుండ చెమర్చినట్టా?” అన్నాడు సమాధానం.

“క్రూడ్‌గా చెప్పాలంటే అంతే అన్నా.”

క్రూడ్! ఆ మాట చేపముల్లులా గొంతులో దిగింది. దానికి తోడు కుర్రాడి దగ్గర్నుంచి ఘుమఘుమ లవంగం వాసన.

“ఏందబ్బయ్యా, సెంటు కొట్టుకున్నావా?”

రాజ్ కుమార్ సిగ్గుపడుతూ ఒంటి మీది నారింజరంగు లైఫ్ జాకెట్ తడుముకున్నాడు. “ఏంజెలిన్ ఇచ్చిందన్నా. నాకు ఈత రాదుగా. చేపల కంపు తగలకుండా లవంగనూనె చల్లానంది.”

ఏంజెలిన్! ఎగుమతి కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో బ్లూ టైడ్‌లో దూరిన మన గూఢచారిణి. ఆరేళ్ల కిందట ఆమెను ఈ పనిలోకి తెచ్చింది సమాధానమే. ఆరేళ్లూ ఆమె కబుర్లు అతని చెవినే పడేవి. పోయిన నెల నుంచి రాజ్ కుమార్‌కు చెబుతోంది. ఈ ఆరేళ్లలో అతనికి కనీసం చేతిరుమాలైనా ఇచ్చిన పాపాన పోలేదు.

ఎనిమిదికల్లా జెట్టీకి వెళ్ళే గేటు దగ్గర తనిఖీ మొదలైంది. బుట్ట, పెట్టె, లారీ, ఆఖరికి కూలీల అన్నం క్యారియర్లు కూడా విప్పించారు. పైన రాజ్ కుమార్ డ్రోన్ తిరుగుతోంది. సమాధానం లుంగీ ఎగ్గట్టి, ఐసు కొక్కెంతో దిమ్మలు లాగుతూ, ఒక కన్ను తనిఖీ మీద, రెండోది ఏంజెలిన్ మీద వేశాడు. ఆమె రాజ్ కుమార్ జాకెట్ పట్టీ బిగించినప్పుడల్లా ఇతని చేతిలో ఐసుదిమ్మ రెండయ్యేది.

“చూపుల్తోనే ఐసు కరిగించేస్తివే!” అంది ఎండుచేపలమ్మే కామాక్షమ్మ, ముఖం మీది ఈగలు తోలుకుంటూ. “నా చేపల మీద, నా మీద, నీ మీద ఈగలే. ఆ దొరబాబు మీద ఒక్కటన్నా వాలతా ఉండాదా చూడు. ఈగలక్కూడా మర్యాద తెలుసబ్బా!”

సమాధానానికి ఒళ్ళు మండిపోయింది. ఈగలు కూడానా!

పన్నెండుకు ఏంజెలిన్ జెట్టీ మీదికి పరుగెత్తుకొచ్చింది. “రాజ్! రోల్ నిన్ననే పడవలో పోయిందట. బయట ట్రాలర్‌కు అందించబోతున్నారు. ఇప్పుడు పోతే పట్టుకోవచ్చు!”

సమాధానాన్ని అన్నా అని పిలిచే పెంచలయ్య మరపడవ సిద్ధంగా ఉంది. రాజ్ కుమార్ ఎక్కాడు. వెనకే ఏంజెలిన్. ఐసు పెట్టె అందించే వంకతో సమాధానం పడవ అంచుకు వంగాడు. ఆమె దగ్గర ఎప్పుడూ వచ్చే మల్లెపూల సెంటు, ఎండకు ఆవిరై, ఉందా లేదా అన్నట్టుంది. కుర్రాడి దగ్గర లవంగం మాత్రం పొద్దున ఎంత ఘాటుగా ఉందో ఇప్పుడూ అంతే.

ఐదు గంటల ఎండ. ఐదు గంటల సముద్రపు గాలి. చల్లిన నూనె అయితే ఈపాటికి ఎగిరిపోవాలి.

కుండ చెమరుస్తోంది!

గేటులో అందరినీ తడిమారు. ఆఫీసరు జాకెట్‌ను ఎవరు తడుముతారు?

పడవ కదిలింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సమాధానం కదల్లేదు. పోనీ. డాక్టరేట్ బాబే సరుకు మోసుకుపోయాడని రేపు ఆనందబాబు నెత్తి కొట్టుకుంటాడు. చల్లని ఊహ. ఆ వెంటనే, ట్రాలర్ చేరాక జాకెట్ ఊడదీసి ఈతరాని కుర్రాణ్ణి ఏం చేస్తారో తట్టింది.

“ప్రభువా, ఇట్లాంటి సుఖం నాకొద్దు!”

కొక్కెం గాల్లోకి లేచింది. జాకెట్ పట్టీకి తగులుకుంది. ఒక్క గుంజుడు. రాజ్ కుమార్ బుడుంగున నీళ్ళలో పడ్డాడు.

తేలలేదు. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి ఐసుబస్తాలా అడుక్కి పోయాడు. జాకెట్‌లో ఫోమ్ ఉంటే కదా!

సమాధానం దూకాడు. ఏంజెలిన్ నడుం దగ్గరి పిస్టల్ లాగి అతని బుర్రకు గురిపెట్టింది. ఆమె వేలు బిగిసేలోగా పెంచలయ్య చుక్కాని అడ్డంగా తిప్పేశాడు. పడవ ఒరిగింది. పిస్టల్ ఒకవైపు ఎగిరిపోయింది, ఆమె ఇంకోవైపు వలల కుప్పలో పడింది.

“మా అన్న మీద తుపాకీ ఎత్తి యాడికి పోతావు మేడం?” అంటూ పెంచలయ్య ఇంజన్ ఆపేశాడు.

సమాధానం కుర్రాణ్ణి జుట్టు పట్టి పైకి లాగాడు. జెట్టీ మీద జాకెట్ కుట్లు విప్పితే మడతలు మడతలుగా ఫిల్మ్. అప్పటికీ లవంగం వాసనే. బ్లూ టైడ్‌కు ఆమె రెండేళ్లుగా నిజంగానే పనిచేస్తోందని సాయంత్రానికి తేలింది.

ఏంజెలిన్‌ను జీపెక్కిస్తుంటే సమాధానం ఉండబట్టలేక అడిగాడు. “జాకెట్ నాకెందుకు ఇవ్వలేదు?”

“నీకు ఈతొచ్చు గదన్నా.”

అన్నా అంది. కత్తిపోట్లు నాలుగయ్యాయి.

మెడల్ రాజ్ కుమార్‌కు వచ్చింది, ప్రాణాలకు తెగించి నీటి అడుగు దాకా వెళ్ళినందుకు. సమాధానానికి వచ్చింది రిపోర్టు ఫారం. ‘మిషన్‌లో వాడిన పరికరం’ అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగింది. ‘అసూయ’ అని రాశాడు. కింద చిన్నక్షరాల్లో ఏదో ఉంటే చదివి, గబగబా కొట్టేసి, ‘ఐసు కొక్కెం’ అని దిద్దాడు.

వాడిన పరికరాన్ని వారంలోగా ఆఫీసుకు తిరిగి అప్పజెప్పాలట.