చూ దొరగారి చివరి అర్జీ

మిట్టమధ్యాహ్నం... సూర్యబింబాన్ని ఏదో మింగుతోంది! చైనాలో గుయ్‌జౌ కొండల మీద పట్టపగలే చీకటి కమ్ముకొస్తోంది... సూర్యుణ్ణి మింగే ఆకాశపు కుక్కను తరమాలని జనం కంచుపళ్ళేలు బాదుతున్నారు. దిక్కుతోచని గుడ్లగూబలు ఘూకారాలు చేస్తున్నాయి!

జిల్లా అధికారి చూ యెన్‌షీ ఇంట్లో ఆయన ఒక్కగానొక్క కూతురు రుయిలాన్ మంచం మీద విల్లులా వంగిపోయింది. ఆమె నోట మగగొంతు!

"ఏం దొరా! నన్ను బజార్లో బెత్తాలతో కొట్టించావే, మర్చిపోయావా? సూర్యుడు పూర్తిగా మాయమైన క్షణాన నీ పిల్ల నాది!"

అది మాంత్రికుడు మో గుయ్ గొంతు!

చూ చేజేతులా చేసుకున్నదే... అధికారులెవరూ స్వరాష్ట్రంలో కొలువు చేయరాదని చక్రవర్తి శాసనం. భార్య పోయి పదకొండేళ్ళు. పరాయి యాసల మధ్య పలకరించే దిక్కులేక, ఆ పిచ్చి మనిషి రోజూ చనిపోయిన భార్యకే ఉత్తరాలు రాసుకునేవాడు. రాసిన కాగితం తొక్కితే పాపమని, గుడిలో కాల్చడానికి ఇంటింటా బుట్టతో ఏరుకుపోయేవాళ్ళుంటారు. ఆ బుట్టవాడి వేషంలో వచ్చాడు మో గుయ్! ఆ ఉత్తరాల చిత్తుప్రతుల్లో రుయిలాన్ జన్మఘడియ దొరికింది. ఆ కాగితాలనే కపాలానికి చుట్టి, శ్మశానంలో ప్రయోగం మొదలెట్టాడు.

చూ కోటదేవుడి గుడికి పరుగెత్తాడు. బతికినవాళ్ళకు జిల్లా అధికారి ఎలాగో, ప్రేతపిశాచాలకు ఆ దేవుడు అలాగ. తోటి అధికారికి రాసినట్టే అర్జీ రాసి, ముద్ర వేసి, కాల్చాడు.

బూడిద ఎగరలేదు... రాతిపలకపై అక్షరాలై పేరుకుంది!

'ఈ ఆసనం ఖాళీ. తమరు స్వీకరిస్తే విచారణ ఇప్పుడే.'

చూ ఆ అక్షరాలను మళ్ళీ చదివాడు. ఎల్లుండే పదవీ విరమణ. పడవ సిద్ధంగా ఉంది. స్వగ్రామంలో భార్య సమాధి పక్కనే తనకూ చోటు ఉంచుకున్నాడు. స్వీకరిస్తే... ఇక్కడే, ఎప్పటికీ!

"అయ్యగారూ, అమ్మాయిగారికి ఊపిరందట్లేదు!" ముసలి బంట్రోతు ఫాన్ గుడి గుమ్మంలోంచి ఏడుస్తూ అరిచాడు.

"ఏడవకు ఫాన్. అమ్మాయిని పడవెక్కించు. నా కోసం ఆగొద్దని చెప్పు."

బూడిదలో బొటనవేలు అద్ది, ఒప్పుకోలుగా పలకపై ముద్ర వేశాడు. ప్రాణం విడిచి అక్కడే ఒరిగిపోయాడు.

ఫెళ్ళున ఉరుము! శ్మశానంలో కపాలం నోరు తెరిచింది...

"మో గుయ్‌ను హాజరుపరచండి!"

చూ గొంతు! అదృశ్య శృంఖలాలు మాంత్రికుడి కంఠానికి చుట్టుకున్నాయి.

"తప్పైపోయింది దొరా! కాళ్ళు పట్టుకుంటా... దొరా!"

వాడు నిలువునా భస్మమైపోయాడు. సూర్యుడు బయటపడ్డాడు. రుయిలాన్ లేచి కూర్చుని "నాన్నా" అని పిలిచింది.

తండ్రి శవపేటికను పడవలో తీసుకెళ్ళి తల్లి పక్కనే పూడ్చింది. ఇన్నాళ్ళకు నాన్న అమ్మ దగ్గరికి చేరాడని కళ్ళు తుడుచుకుంది. అయ్యో పిచ్చితల్లీ, ఎక్కడ చేరాడు? ఆ కొండల్లో, చీకటి గుడిలో, పరాయి దయ్యాల ఫిర్యాదులు వింటూ ఒంటరిగా కూర్చున్నాడు. చక్రవర్తి కొలువైతే మూడేళ్ళకైనా బదిలీ చేసేవారు.