శోకానికి ఒక పేరు

కట్టంగూర్‌కు ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో, దీపాలు పెట్టే వేళకే కమ్యూనిటీ హాలు నిండిపోయింది. పెళ్ళికి పిలిచినా అంతమంది రారు. పెళ్ళిలో వేరేవాళ్ళ మొహాలు చూడాలి, ఇక్కడ ఎవరి మొహం వాళ్ళే తెర మీద చూసుకోవచ్చు మరి. గోడకు తెల్ల దుప్పటి బిగించారు. రామన్నపేట నుంచి కిరాయికి తెచ్చిన ప్రొజెక్టర్‌ను స్టూలు మీద పెట్టి, బొమ్మ వంకరపోకుండా దాని కింద అట్టముక్క దూర్చాడు విజేందర్.

విజేందర్ నిన్నమొన్నటి దాకా పెళ్ళి వీడియోలు తీసినవాడే. ఇప్పుడు ఊరి పాటల మీద సినిమా తీసి డైరెక్టర్ అయ్యాడు. మనిషి చెడ్డవాడని కాదు. కెమెరాలో మంచి బొమ్మ పడుతోందంటే మాత్రం అతనికి ఇంకేమీ కనబడదు. సినిమాలో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, ఇసుర్రాయి పాటలు ఉన్నాయి. చివర్లో ఈదమ్మ శోకం ఉంది. హైదరాబాద్‌లో చూపించినప్పుడు ఆ శోకం దగ్గరే అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

ఈదమ్మ చుట్టుపక్కల ఊళ్ళకు పేరుమోసిన మనిషి. దవడన ఎప్పుడూ తంబాకు, దానితో బొంగురుపోయిన గొంతు. ఏ ఇంట్లో పీనుగ లేచినా ఆమె వచ్చి శోకం ఎత్తుకోవాలి. పోయినవాళ్ళ గుణాలన్నీ వరసగా పాడి, చివరికి పేరు పెట్టి పిలిచేది. ఆ పిలుపుతో రాయి కూడా కరిగేది. ఆమె ఒక్కతే ఏడుస్తుంటే చూస్తూ కూర్చోకూడదు, తక్కిన ఆడవాళ్ళు గొంతు కలపాలి. అది ఊరి పద్ధతి.

సినిమా కోసం ఆ శోకం పాడమని విజేందర్ అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"చావు లేనిదే శోకం ఎత్తొద్దు బిడ్డా. ఎత్తినంక పేరు వెట్టందే అది దిగది. ఎవల పేరు వెట్టమంటవ్?"

వారమంతా తిరిగి విసిగిపోయిన విజేందర్, ఒక పొద్దున కెమెరా స్టాండు మీద పెట్టి, ఆన్ చేసి, ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసే ఆమె ఒక్కగానొక్క కొడుకు సైదులు, కట్టే గోడకు కర్రలతో వేసిన సారువ మీద నుంచి పడి చచ్చిపోయాడని. ఈదమ్మ గడపలోనే కూలబడింది. వాకిలి అదిరేలా శోకం ఎత్తి, సైదులూ అని పేరు పెట్టి పిలిచింది. అంతా అయ్యాక అతను నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఉత్తదే అవ్వా. పాట కోసం చెప్పిన. సైదులు మంచిగనే ఉన్నడు."

ఈదమ్మ అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు. "పేరు వెట్టిన గదరా," అంది, అంతే.

ఆ నెలలోనే సైదులు నిజంగా సారువ మీద నుంచి పడ్డాడు. శవం వచ్చినప్పుడు ఈదమ్మ నోరు పెగల్లేదు. మళ్ళీ ఎండాకాలం రాకముందే ఆమె కూడా పోయింది. శోకం ఎత్తేవాళ్ళు లేక, ఆమె పాడె మౌనంగా కదిలింది. మూడో రోజు ఆమెకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. మనసులో ఏదో మిగిలిపోయిందని ఊరు అనుకుంది. ఏం మిగిలిందో విజేందర్ ఒక్కడికే తెలుసు. అతను ఆ మాట భార్య తిరుమలకు కూడా చెప్పలేదు.

హాల్లో లైట్లు ఆర్పారు. నాట్ల పాట మొదలైంది. బురదలో వంగిన ఆడవాళ్ళు తెర మీద కనబడగానే జనం ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. ముందు వరసలో విజేందర్ తల్లి బక్కమ్మ ఒళ్ళో అతని కూతురు రూప పల్లీలు నములుతోంది. దూరంగా హైవే మీద లారీలు పోతున్న చప్పుడు. కిటికీల్లోంచి తడిసిన గడ్డి వాసన.

తర్వాత ఆ వాసన మారింది. ఊదుబత్తి వాసన... చావింట్లో వెలిగించే చవక ఊదుబత్తి. దానితో పాటు తంబాకు వాసన.

నాట్ల పాట మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఈదమ్మ గడప కనిపించింది.

విజేందర్ ఉలిక్కిపడి లాప్‌టాప్ చూశాడు. అందులో నాట్లే నడుస్తున్నాయి. తెర మీద మాత్రం ఈదమ్మ కూర్చుని ఉంది. శోకం ఎత్తుకుంది.

"ఎట్ల వోతివే బిడ్డా... నా బిడ్డా..."

విజేందర్ చెవులు రిక్కించాడు. తను తీసినప్పుడు ఆమె కొడుకా అని పాడింది. ఎన్నిసార్లు కూర్చి, కత్తిరించి, విన్నాడో. కూతుర్ని పిలిచినట్టు బిడ్డా అని ఎక్కడా లేదు.

"పసుపు గౌను తొడిగితివి బిడ్డా... పాలపన్ను ఊడకపాయె బిడ్డా... ఒక్క కాలికే పట్టీ ఉండె బిడ్డా..."

రూప ఒంటి మీద పసుపు గౌను. కొని నాలుగు రోజులు కాలేదు. రెండో పట్టీ ఇవాళ మధ్యాహ్నమే ఎక్కడో పోగొట్టుకుంది.

ముందు వరసలో ఎవరో గొంతు కలిపారు. పక్కన ఇంకొకరు. ఈదమ్మ పోయినప్పుడు ఏడవలేకపోయామన్న బాధ వాళ్ళది. హాలంతా ఆడగొంతులతో నిండింది. బక్కమ్మ కూడా మనవరాలిని ఒళ్ళో ఊపుతూ పాడుతోంది... ఆ ఒళ్ళో రూప తల వాలిపోయి ఉంది. పల్లీలు నేల మీద పడి ఉన్నాయి.

విజేందర్ వైరు పీకేశాడు. తెర నల్లబడింది.

శోకం ఆగలేదు.

జనాన్ని తొక్కుకుంటూ వెళ్ళి కూతుర్ని లాక్కున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి. "రూపా..." అనబోయి నోరు మూసుకున్నాడు. ఆ పేరు ఇక్కడ పలకకూడదు. ఈదమ్మ గుణాలన్నీ పాడేసింది. ఇక మిగిలింది పిలుపే.

"అవ్వా," అన్నాడు చీకట్లోకి, గుసగుసగా. "తప్పయింది. అబద్ధం చెప్పిన. పిల్లను ఇడిసిపెట్టు."

చీకట్లో ఎవరో దీర్ఘంగా ఊపిరి పీల్చుకున్నారు. పేరు పెట్టి పిలిచే ముందు ఆమె అలాగే పీల్చేది. ఆ ఊపిరిని అతను ఎడిటింగ్‌లో వందసార్లు విన్నాడు.

పేరు పెట్టందే దిగది.

తెర పక్కనున్న మైకు అందుకున్నాడు. ఇంకెవరి పేరూ నోటికి రాలేదు, రానివ్వలేదు.

"విజేందర్," అన్నాడు. "విజేందర్... విజేందర్..."

శోకం ఠక్కున ఆగింది.

ఎవరో లైటు వేశారు. రూప కళ్ళు నులుముకుని నీళ్ళు అడిగింది. చేతులు వెచ్చబడ్డాయి. విజేందర్ పాపను గుండెకు హత్తుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

జనం లేచారు. బయట నల్లా దగ్గర ఆగి, ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు కడుక్కుని వెళ్ళారు. చావింటి నుంచి ఇంటికి పోయేవాళ్ళలాగే. బక్కమ్మ కూడా కడుక్కుంది.

"ఎందుకే అమ్మా?" అన్నాడు, పాపను ఎత్తుకుని వెనకే వచ్చిన విజేందర్.

ఆమె తడి కాళ్ళతోనే ఇంటి దారి పట్టింది. పక్కింటి లింగయ్య వచ్చి, వెనక వరసలోంచి అప్పుడే బయటికొచ్చిన తిరుమల ముందు ఆగాడు.

"మంచిగ తీసిండు బిడ్డా సినిమా," అన్నాడు. "మంచోడు."

విజేందర్ అతని పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో అంతా మామూలుగానే గడిచింది. తిరుమల అన్నం పెట్టింది, రూప భుజమెక్కింది. అదంతా తన భయమేనని సర్దిచెప్పుకున్నాడు. మూడో రోజు తెల్లవారుతుండగా మెలకువ వచ్చి వాకిట్లోకి వెళ్ళాడు.

ప్రహరీ గోడ మీద, పిట్టకు పెట్టినట్టు, మోదుగాకుల విస్తరి ఉంది. అందులో కోడి కార్జం వేపుడు, అంచు మాడిన జొన్నరొట్టె, పక్కన ముంతలో కల్లు. అంచు మాడిన రొట్టే అతనికి ఇష్టం. ఇంట్లో పొయ్యి ఇంకా వెలిగించలేదు.

గోడ చివర ఒక కాకి వాలింది.

"హుష్," అనబోయాడు. గొంతు రాలేదు. చెయ్యి ఊపాడు. కాకి అతని వైపు చూడనైనా చూడలేదు. గెంతుతూ వచ్చి, కార్జం ముక్క ఒకటి ముక్కున కరుచుకుంది.

"ముట్టింది కొడుకా," అంది వెనక నుంచి తంబాకుతో బొంగురుపోయిన గొంతు.

తిరిగి చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల తిరుమల, బక్కమ్మ, మధ్యలో రూప, ముగ్గురూ ఇంకా నిద్రలోనే ఉన్నారు. గడప మీద మాత్రం ఎవరో అప్పుడే కాళ్ళు కడుక్కుని లోపలికి నడిచిన తడి ఉంది.