గానుగ దగ్గరి గొడ్డలి

ఆ గానుగపాకకి మంచి పేరు లేదు.

సెయింట్ క్రోయ్ అనే ఆ కరీబియన్ దీవి అమెరికాదే. వీసా స్టాంపింగ్ గొడవ లేదు కాబట్టి మన హెచ్-వన్‌బీ జనం ధైర్యంగా వెళ్ళొస్తుంటారు. కానీ దాని వాయవ్య మూలకి దీవివాళ్ళే సరిగా పోరు. కొండలు, అడవి, ఒకప్పటి చెరకు తోటల మొండిగోడలు. ఆ తోటల్లో ఒకదాని గానుగపాకలోకి పొద్దుగూకాక వెళ్తే... ఒంటిచేతి మనిషొకతె వచ్చి చేతులు నరుకుతుందట.

అమెరికాలోని చాండ్లర్ ఊరి నుంచి వెళ్ళిన రాగిణికి ఈ సంగతి పగలే చెప్పారు. వింటేగా!

బానిసల కాలంలో, అన్నాడు గైడు, కోతలప్పుడు గానుగ రాత్రీ పగలూ ఆగేది కాదు. నిద్రమత్తులో చెరకు పెట్టేవాళ్ళ వేలు ఇనప రోలర్ల మధ్య పడితే, వెనకే చెయ్యి పోతుంది, చెయ్యి వెనక మనిషి. గానుగ ఆపితే పని దెబ్బతింటుందని పక్కనే ఒకడు గొడ్డలి పట్టుకుని నిలబడేవాడు. మోచేతి దగ్గర ఒక్క వేటు. చెయ్యి రసంలో పడేది, మనిషి నేల మీద పడేది. గానుగ తిరుగుతూనే ఉండేది.

"ఆ గొడ్డలి ఇదే" అని గోడకున్న అద్దాలపెట్టె చూపించాడు. తాళం వేసి ఉంది. లోపల తుప్పు పట్టిన గొడ్డలి.

తర్వాత రసం తీసి చూపించే ముందు వాచీలు, గాజులు, చేతి తాళ్ళు అందరినీ తీసెయ్యమన్నాడు. రాగిణి చేతికీ, కూతురు ఇషిత మణికట్టుకీ వరలక్ష్మీవ్రతం తోరాలు ఉన్నాయి. తొమ్మిది పోగులు పేని, తొమ్మిది ముళ్ళు వేసి, పసుపు రాసి రాగిణే కట్టింది.

"ఇది తియ్యకూడదండీ" అంది.

"అయితే మీరు దూరంగా నిలబడాలి."

రాగిణికి ఒళ్ళు మండింది. వాళ్ళ తాతది అనకాపల్లి దగ్గర బెల్లం గానుగ. తను నడక రాకముందే చెరకు నమిలిన మనిషి. తనని చెరకు ముట్టుకోవద్దంటాడా!

వాళ్ళు దిగిన గెస్ట్‌హౌస్ ఆ తోటలోనే. పొద్దు వాలగానే ఆమె భర్త అవినాష్, చీకట్లో మెరిసే నీళ్ళున్న అఖాతం చూడ్డానికి పడవెక్కి పోయాడు. పడవంటే ఇషితకి భయం. తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు.

చీకటి పడింది. పగలు మిగిలిన చెరకుగడ ఒకటి తీసుకుని, ఫోన్ లైటు వేసుకుని రాగిణి పాకలోకి నడిచింది. కూతుర్ని గానుగ రోలర్ల పక్కన కూర్చోబెట్టింది.

"మా తాతయ్య నాకిలాగే నేర్పాడు. నువ్వు గడ పెట్టమ్మా, నేను తిప్పుతాను."

గానుగకి అడ్డంగా ఒక పొడుగాటి దూలం. దాని కొస పట్టుకుని తోసింది. బరువుగా కదిలింది. కిర్... కిర్... చెరకు నలిగి రసం కారింది. ఇషిత కిలకిల నవ్వింది. ఎన్నేళ్ళకో ఆ వాసన! రాగిణికి కళ్ళు చెమర్చాయి.

రెండు చుట్లు తిరిగేసరికి దూలం తేలికైపోయింది.

మరీ తేలికగా...

చేతులు వదిలేసింది. దూలం ఆగలేదు.

"అమ్మా... నువ్వు పుష్ చేయట్లేదు కదా?" అంది ఇషిత, చాలా మెల్లగా.

దూలం రెండో కొస దగ్గర చీకట్లో ఎవరో రొప్పుతున్నారు. ఒకరు కాదు, చాలామంది. మట్టిలో ఈడ్చుకుపోయే కాళ్ళ చప్పుడు... కొరడా చప్పుడు... తడి వీపు మీద పడినట్టు.

అప్పుడు పాప కేక పెట్టింది. తోరం కొస చెరకుగడతో పాటు రోలర్ల మధ్యకి పోయింది. ముడి వెనక ముడి లోపలికి పోతోంది. మణికట్టు ముందుకి జారుతోంది. రాగిణి దూలాన్ని కావిలించుకుని వెనక్కి లాగింది. అది ఆమెనే ఈడ్చుకుపోయి గోడకేసి కొట్టింది. తల చిట్లింది. లేచి పాప దగ్గరికి పరిగెత్తి, తోరం పళ్ళతో కొరికింది. తెగలేదు. తన చేత్తో తనే అంత గట్టిగా పేనింది మరి!

ఇషిత వేళ్ళ కొసలు నలిగాయి. రక్తం చిమ్మింది.

వెనక అడుగు చప్పుడైంది. తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. కుడి మోచేతి కింద ఏమీ లేదు. ఎడమచేతిలో గొడ్డలి. దానికి తుప్పు లేదు.

"వద్దు... దాని చెయ్యి వద్దు..."

ఆమె ఆగలేదు. రాగిణి చేతికందిన బండరాయి తీసి ఆమె ముఖం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. మళ్ళీ కొట్టింది. రక్తం కంట్లోకి కారుతున్నా ఆ మనిషి తిరిగి కొట్టలేదు, పక్కకి తప్పుకోలేదు. రాగిణి భుజం మీదుగా గొడ్డలి ఎత్తింది.

వేటు పడింది.

ఇషిత వెల్లకిలా పడింది. గానుగ ఆగిపోయింది. పాకలో ఎవరూ లేరు.

పాప చేయి ఉంది. రెండు వేళ్ళ కొసలు చితికాయి, అంతే. తోరం మాత్రం కత్తితో కోసినట్టు తెగిపోయింది.

ఆస్పత్రిలో కట్టు కడుతుంటే ఇషిత అడిగింది.

"అమ్మా, ఆ ఆంటీని ఎందుకు కొట్టావ్? నాకు హెల్ప్ చేసింది కదా..."

రాగిణి ఆ చిన్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది. రాత్రంతా ఏడ్చింది.

తెల్లవారగానే ఒక్కతే గానుగపాకకి వెళ్ళింది. అద్దాలపెట్టెకి తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల గొడ్డలికి తుప్పు ఉన్నట్టే ఉంది. దాని అంచుకి మాత్రం పసుపు దారం పోగులు అంటుకున్నాయి.

వెనకే వచ్చిన గైడు ఆ పోగులు చూసి తాళం తీశాడు.

రాగిణి తన చేతి తోరం ముళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఆయుధపూజనాడు తాత గానుగకి కట్టినట్టు దాన్ని గొడ్డలి పిడికి చుట్టి కట్టింది.

"దెబ్బ గట్టిగా తగిలిందా అక్కా?" అంది గొంతు తగ్గించి.

పిడి కింద ఆమె వేళ్ళకి తడి తగిలింది. చెయ్యి వెలుతుర్లోకి తెచ్చి చూసుకుంది.

రక్తం... ఇంకా వెచ్చగానే ఉంది.