ఆగితే పేలే అంబాసిడర్

కడప పోయే బస్సు చాగలమర్రిలో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. వెనక కిటికీ పక్కన తలపాగా చుట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం కదల్లేదు. ఆళ్ళగడ్డలో ఎవరో ఇద్దరు, తాగినవాణ్ణి ఎక్కించినట్టు ఎక్కించి పోయారు. కండక్టరు భుజం తట్టాడు. మనిషి సీట్లోంచి పక్కకి ఒరిగిపోయాడు. కప్పిన దుప్పటి జారింది. రెండు చేతులకీ ఒక్క గోరు లేదు. చెవి కింద సూది గుచ్చిన నల్లటి చుక్క.

అతను ప్రభుదాసు. భారత ప్రభుత్వపు రహస్య విభాగంలో ఏజెంటు.

మర్నాడు ఉదయం నంద్యాల రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో చీఫ్ తలుపు గడియ పెట్టి, టేప్ రికార్డర్ మీట నొక్కాడు. ఎదురుగా కూర్చున్న దేవసహాయం ముందుకి వంగాడు. పూర్వం మిలిటరీ వర్క్‌షాపులో మెకానిక్కు. ఇప్పుడు ఏజెంటు. ప్రభుదాసూ అతనూ నంద్యాల మిషన్ కాంపౌండులో కలిసి పెరిగారు.

టేపులోంచి రొప్పుతున్న గొంతు వినిపించింది. "సార్... డాక్టర్ కారు ఆగితే... మనవాళ్ళలోనే ఒకరు..." అంతే. లైను తెగింది.

"ఆగితే ఏమవుతుంది సార్?"

"అది కనుక్కోవడమే నీ అసైన్‌మెంట్. డాక్టర్ కృష్ణస్వామి. రాడార్ సైంటిస్ట్. సొంతవూరు అహోబిలం వచ్చాడు. రేపు నంద్యాల గెస్ట్‌హౌస్‌కి వస్తాడు. మన రాడార్ ఇంజనీర్లంతా అక్కడ అతనికోసం ఎదురుచూస్తుంటారు. ఈ మీటింగ్ జరగకూడదని ఒక విదేశీ ముఠా పనిచేస్తోంది. నాయకుడి పేరు మార్టిన్. మొహం ఎవరికీ తెలీదు."

"డాక్టర్ పక్కన మనవాళ్ళెవరు?"

"కోమలవల్లి. సెక్రటరీ వేషం. నీకు ఆళ్ళగడ్డ దాటాక రోడ్డుపక్క మెకానిక్ షెడ్డు సిద్ధం చేశాం. కారు అక్కడ ఆగుతుంది. కోడ్ వర్డ్, 'గాలి తిరిగింది.' జవాబు, 'వాన రాదు.' అనుమానం వస్తే మీటింగ్‌కి కారుని పోనివ్వకు."

దేవసహాయం లేచాడు. "హన్నమ్మకి చెప్పారా?" హన్నమ్మ ప్రభుదాసు భార్య.

"యాక్సిడెంట్ అని చెప్పాం. చేతులకి గ్లౌజులు తొడిగి పంపాం."

దేవసహాయం తలుపు గడియ తీసి బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఆళ్ళగడ్డ అవతల రోడ్డు పెనంలా కాలుతోంది. షెడ్డులో దేవసహాయం. మాసిన బనియను, చెవిమీద బీడీ, చేతిలో గ్రీజు గన్ను. గ్రీజు గన్ను లోపల ఉన్నది ట్రాన్స్‌మిటర్. తెల్ల అంబాసిడర్ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. నిలబడగానే బానెట్ గడగడా వణకడం మొదలుపెట్టింది.

డ్రైవర్ ఓబయ్య ఇంజను ఆపకుండానే తల బయటికి పెట్టాడు. "ఏందో మిస్సింగ్ కొడతాందన్నా. పరిగెత్తిస్తే బాగనే పోతాంది. నిలబెడితే మలేరియా వచ్చినట్టు వణుకుతాంది. నిన్నటిదాంకా చక్కగుండె."

వెనక సీట్లోంచి కోమలవల్లి దిగింది. నీలం షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, జడలో మల్లెలు. ఆ మండుటెండలో ఆమె చుట్టూ మాత్రం సెంటు వాసన.

"గాలి తిరిగింది," అంది.

"వాన రాదు మేడం." కోడ్ సరిపోయింది. దేవసహాయం కారులోకి చూసి అన్నాడు, "ఓబయ్యన్నా, ఇంజను ఆపు. ప్లగ్గులు తీసి చూస్తా."

"ఆపొద్దు!"

అది కేక. ఆమె వెంటనే నవ్వింది. "స్టార్టర్ సరిగా లేదు. మళ్ళీ స్టార్ట్ కాకపోతే? మీటింగ్ టైమవుతోంది. నడుస్తోందిగా, పోనిద్దాం."

"స్టార్టర్‌కేమైంది మేడం? పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకునె," అన్నాడు ఓబయ్య అమాయకంగా.

కారులోంచి డాక్టర్ కృష్ణస్వామి కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ గొణిగాడు. "అమ్మాయికి తొందర. నంద్యాల రైల్వే గేటు దగ్గరే దిగిపోతానంటోంది. గెస్ట్‌హౌస్‌కి రాదట."

డాక్టర్ కారు ఆగితే. టేపులో ప్రభుదాసు మాట దేవసహాయానికి గుర్తొచ్చింది. మొహం మాత్రం మెకానిక్ మొహంలాగే ఉంచాడు.

"ఆపకుండానే చూస్తాలే మేడం. ఓబయ్యన్నా, నువ్వు సీట్లోనే ఉండు. ఇంజను చచ్చేటట్టుంటే ఎక్సలేటర్ మింద కాలు పెట్టు. సామీ, మీరు దిగి ఆ మోరీ గోడ అవతల నీడలో కూసోండి. పొగ పడదు మీకు."

డాక్టర్ దిగి వెళ్ళాడు. దేవసహాయం బానెట్ ఎత్తాడు. గుడ్డ చుట్టిన చేత్తో మొదటి ప్లగ్గు వైరు లాగాడు. ఇంజను ఒక్కసారిగా కుంగింది. కోమలవల్లి పెదవులు తెల్లబడ్డాయి. వైరు పెట్టి రెండోది లాగాడు. మళ్ళీ కుంగింది. మూడోది లాగాడు. తేడా లేదు. నాలుగోదీ అంతే. అంటే కారు నిలబడి ఇంజను ఉత్తినే తిరిగే ఐడిల్‌లో వెనక రెండు సిలిండర్లు పని చేయడం లేదు. వైరు కొసని ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టి చూశాడు. నీలం నిప్పురవ్వ టపటపా దూకింది. కరెంటు బాగానే ఉంది. పరిగెడితే బాగుంటోంది, నిలబడితేనే చస్తోంది. ఆ రెండు సిలిండర్లూ పెట్రోలుతోపాటు దొంగ గాలి పీలుస్తున్నాయి. వేగంలో ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఐడిల్‌లో అదే ఊపిరి తీస్తుంది.

నూనె డబ్బా తీసుకుని, సిలిండర్లకి గాలీ పెట్రోలూ పంచే మానిఫోల్డ్ గొట్టాల వెంబడి చుక్కలు వదిలాడు. వెనక కొమ్మ మీద పడ్డ చుక్క సర్రున లోపలికి పోయింది. ఇంజను వణుకు తగ్గి నున్నగా తిరిగింది. అక్కడే చేయి పెట్టి తడిమాడు. కొత్తగా వేసిన బెజ్జం. అందులో బిగించిన ఇత్తడి ముక్క, దాన్నుంచి సన్నటి నల్ల రబ్బరు గొట్టం. గొట్టం డాష్‌బోర్డు కిందుగా వెనక సీటు దాకా పోయింది.

అర్థమైంది. ఇంజను తిరిగినంతసేపూ ఆ గొట్టంలో గాలి పీల్చుకునే ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడే సీటు కింద బాంబు స్విచ్చిని పట్టి ఉంచుతుంది. ఇంజను ఆగితే ఇత్తడి ముక్కలోని సూది బెజ్జం గుండా గాలి మెల్లగా లోపలికి చేరుతుంది. గెస్ట్‌హౌస్ ముందు కారు ఆగుతుంది, ఇంజనీర్లు దండలతో చుట్టూ మూగుతారు, అప్పుడు స్విచ్చి పడుతుంది. అంతా పకడ్బందీగా చేశారు గానీ, ఇత్తడి ముక్క చుట్టూ సరిగా సీలు వేయలేదు.

"చూసేశావన్నమాట," అంది కోమలవల్లి. ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన గుండు పట్టేంత రంధ్రం. "ప్రభుదాసు కూడా ఎక్కువే చూశాడు. పదో గోరు దాకా నోరు విప్పలేదు, పాపం."

"ఏందీ మేడం అది?" అంటూ ఓబయ్య డోర్ తీసుకుని అడ్డం వచ్చాడు. పటాకు పేలినంత చప్పుడు. ఓబయ్య గొంతు పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. "అన్నా..." అన్నాడు. ఆ మాటతోపాటు నోట్లోంచి నెత్తురొచ్చింది.

ఆమె లిప్‌స్టిక్ రెండో కొస తిప్పేలోపు స్పానర్ గాల్లో లేచింది. మణికట్టు ఎముక విరిగిన శబ్దం ఇంజను శబ్దంలో కూడా వినిపించింది. దేవసహాయం ఆమెను జుట్టు పట్టి ఈడ్చి వెనక సీట్లో పడేశాడు. మంచి చేతిని డోర్ హ్యాండిల్‌కి సంకెల వేశాడు. కింద ఓబయ్య కాళ్ళు ఒకటి రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి.

నూనె ఆరినట్టుంది. ఇంజను మళ్ళీ గతుకులు వేయసాగింది.

దేవసహాయం బానెట్ వెనక్కి వెళ్ళాడు. ఎత్తిన బానెట్ చాటున ఆమెకి అతని చేతులు కనబడవు. టూల్ బాక్సులోంచి ఆస్పత్రి ఫోర్సెప్స్ తీశాడు. ఇత్తడి ముక్క దాటాక రబ్బరు గొట్టాన్ని మడిచి, గట్టిగా కరిచి పట్టేలా బిగించాడు. లోపలి ఒత్తిడి లోపలే ఉండిపోవాలి. పట్టు నిలుస్తుందా? రబ్బరు పాతది. నిలవొచ్చు, నిలవకపోవచ్చు. నిలవకపోతే పోయేది ఎవరో తల్చుకున్నాడు. బాధ కలగలేదు.

ఓబయ్య శవాన్ని షెడ్డు వెనక్కి లాగి, మోరీ దాకా నడిచి, బీడీ ముట్టించాడు. అక్కణ్ణుంచి అరిచాడు.

"మార్టిన్ యాడుండాడు?"

"ఇంజను! ఇంజను చూడు ముందు!" ఆమె గొంతు చీలిపోతోంది.

"రెండు సిలిండర్ల మింద ఎంతసేపు తిరుగుతాదో నాకూ తెల్దు. మార్టిన్ యాడ?"

ఇంజను దగ్గింది. ఒకసారి లేచింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

"చెప్తా! చెప్తా! సంకెల తియ్యి!"

"చెప్పు. సంకెల సంగతి తర్వాత."

"గెస్ట్‌హౌస్ ఎదురు మేడ... పత్తి కొనడానికొచ్చిన వ్యాపారి... ఎర్రగడ్డం! నేను గేటు దగ్గర దిగి గొడుగు తెరిస్తే అంతా సవ్యమని గుర్తు! తియ్యవయ్యా, నీ కాళ్ళు మొక్కుతా!"

విరిగిన చేత్తోనే సంకెల పీకుతోంది ఆమె. మణికట్టు చర్మం లేచిపోయింది. నల్లకళ్ళద్దాలు ఎప్పుడో పడిపోయాయి. తర్వాత అరవడం మానేసి చిన్నపిల్లలా తల్లిని పిలిచింది. మోరీ పక్కన డాక్టర్ కృష్ణస్వామి చెవులు మూసుకున్నాడు. "తీసెయ్ నాయనా, ఆమెను తీసెయ్," అన్నాడు. దేవసహాయం కదల్లేదు.

బీడీ అయిపోయింది. కారు పేలలేదు.

అతను నడిచి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. "గొట్టం ఇంజను ఆగకముందే మూసేశా," అన్నాడు. ఆమె అతని వైపు చూసింది. సీటు మీద ఉమ్మి, మొహం తిప్పుకుని కూర్చుంది.

సీటు కింద బాంబు వైర్లు కోశాడు. బెజ్జంలో మర బిగించి లక్క పూశాడు. కీ తిప్పాడు. నాలుగు సిలిండర్లూ నున్నగా అందుకున్నాయి. గ్రీజు గన్ను నోటి దగ్గర పెట్టుకుని నంద్యాలకి కబురు చెప్పాడు. ఓబయ్య ఖాకీ చొక్కా విప్పి, కాలరు మీది నెత్తురు కడిగి, తడిగానే తొడుక్కున్నాడు.

రైల్వే గేటు దగ్గర కోమలవల్లి గొడుగు తెరిచింది. పక్కన మఫ్టీలో ఇద్దరు.

గెస్ట్‌హౌస్ ముందు అంబాసిడర్ ఆగింది. ఇంజనీర్లు దండలతో చుట్టుముట్టారు. ఎదురు మేడమీద ఎర్రగడ్డం మనిషి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు అంకెలు లెక్కపెడుతున్నాయి. లెక్క అయిపోయింది. కళ్ళు తెరిచాడు. డాక్టర్ కింద కాఫీ తాగుతున్నాడు. మేడమీద వెనకనుంచి తుపాకీ గొట్టం ఎర్రగడ్డం మనిషి మెడకి ఆనింది. మార్టిన్ పళ్ళ మధ్య దాచుకున్న గాజు గుళిక కొరికేలోపు, దేవసహాయం పిడికిలి ఆ పళ్ళనే రాల్చేసింది.

సాయంత్రం చీఫ్ ఫోనులో హుషారుగా ఉన్నాడు. "బ్రిలియంట్! ఢిల్లీకి రిపోర్ట్ పంపుతున్నా. ఇవాళ మనవైపు ప్రాణనష్టం, నిల్. అంతేగా?"

"ఓబయ్య సార్."

"ఎవరూ?"

"డ్రైవర్."

"ఓ, డ్రైవరా? అతను డిపార్ట్‌మెంట్ మనిషి కాదుగా. సరే, ఆ కారు రేపు హైదరాబాదు పంపాలి. కండిషన్ ఎలా ఉంది?"

దేవసహాయం మరక పోని ఖాకీ కాలరు సర్దుకున్నాడు.

"కారులో ఏ లోపమూ లేదు సార్. తోలేవాణ్ణొక్కణ్ణి పంపండి."