నాలుగో కుర్చీ

“స్టీరింగ్ మీ చేతిలోనే ఉంది. మీ ఇష్టం వచ్చినట్టు పోనివ్వండి,” అన్నాడు డ్రైవింగ్ మాస్టారు.

ఆమె పోనిచ్చింది. మలుపులో అతని కాలి కింది బ్రేకు గట్టిగా పడింది.

“నా ఇష్టం అన్నారుగా!”

“అన్నాను. ఆ గోడ ఒప్పుకోలేదండీ!”

ఆమె ఫిజియోథెరపిస్టు. రోజంతా మొరాయించే మోకాళ్లను మాటలతో వంచే మనిషి, అతని మాటకు మాత్రం తనే వంగిపోయి నవ్వింది. లైసెన్సు వచ్చాక కూడా క్లాసులు మానలేదు. ఒక వాన సాయంత్రం, అద్దాలకు ఆవిరి పట్టిన కారులో, పెళ్లి మాట ఆమే ఎత్తింది.

“ఒక్క మాట. మా ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు కూర్చోవాలి. నాకది పడదు.”

“మా ఇంట్లో ఎవరిష్టం వాళ్లది. వచ్చి చూడు.”

వెళ్లింది. భోజనాల బల్లకు నాలుగు కుర్చీలు. అతను, తండ్రి, ఆమె కూర్చున్నారు. తల్లి నిలబడి వడ్డిస్తోంది.

“మీరూ కూర్చోండి ఆంటీ.”

“నాకిదే అలవాటమ్మా.”

“ఎవరూ వద్దనలేదు. అమ్మ ఇష్టం,” అన్నాడతను, కంచంలోంచి తలెత్తకుండా.

“ఇష్టమో కాదో ఎప్పుడైనా అడిగావా?”

“అబ్బా, నాకే క్లాసు మొదలెట్టావా!”

ఆమె లేచి, పెద్దావిడ చెయ్యి పట్టుకుని నాలుగో కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ పరీక్ష హాల్లో పిల్లలా అంచున కూర్చుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

గెలిచాననుకుంది ఆమె. మాటల్లో పడ్డారు. అంతలో అతని కంచంలో కూర అయిపోయింది. అతను అడగలేదు, గిన్నె వైపైనా చూడలేదు. ఆమె తన ముద్ద వదిలేసి, లేచి, ఎడమచేత్తో గరిట అందుకుంది. రెండోసారి వడ్డిస్తుండగా గాని తను నిలబడి ఉన్నానని తెలియలేదు.

పెద్దావిడ మొహం విప్పారింది. “ఇంకేం చూడక్కర్లేదురా. అచ్చం మనింటి పిల్లే! చల్లగా ఉండండి.”

“చూశావా? నీకెవరైనా చెప్పారా?” అన్నాడతను మురిపెంగా.

ఎవరూ చెప్పలేదు. ఆమె గరిట అతని చేతికిచ్చింది. “మీ అమ్మకి వడ్డించు.”

అతను నవ్వుతూ తీసుకున్నాడు. తీసుకుని, చూడకుండానే, తల్లి వైపు చాపాడు. ఆవిడ అప్పటికే లేచి నిలబడింది.

ఆమె వెళ్లి చెయ్యి కడుక్కుంది.

“ఏమైంది?” అంటూ వెనకే వచ్చాడు.

“ఈ పెళ్లి వద్దు.”

“నేనేం చేశానని?”

“నువ్వేం చెయ్యలేదు,” అంది. “నాకు నా మీదే నమ్మకం పోయింది.”